అరకును ఈసారికి వదిలేయండి, భీమిలి దారి పట్టండి

ప్రశ్న: మాది వరంగల్. డిసెంబరు చివర్లో శని, ఆది, సోమవారాలు విశాఖపట్నంలో గడపాలనుకుంటున్నాం. నేను, మావారు, పద్నాలుగేళ్ల అబ్బాయి, తొమ్మిదేళ్ల అమ్మాయి, అరవై ఎనిమిదేళ్ల మా అత్తగారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. శనివారం ఆర్‌కే బీచ్‌లో స్నానాలు, కైలాసగిరి, సింహాచలం. ఆదివారం పొద్దున్నే రుషికొండలో అందరం స్కూబా చేసి, అక్కణ్నుంచి నేరుగా కారులో అరకు వెళ్లి రాత్రి అక్కడే ఉంటాం. సోమవారం దిగివస్తూ భీమిలి, ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ చూసుకుని, సాయంత్రం సబ్‌మెరైన్ చూసి రాత్రి రైలెక్కుతాం. ఇందులో మార్చాల్సింది ఏమైనా ఉందా? పిల్లలకు చరిత్ర చూపించాలని మావారి కోరిక, నీళ్లలో ఆడుకోవాలని పిల్లల కోరిక.

జవాబు: ఉందమ్మా, చాలానే ఉంది. ముందుగా ప్రమాదం ఉన్నచోటు చెప్పాలి. స్కూబా, అంటే గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగుకు దిగడం, చేసిన రోజే అరకు ఘాట్ ఎక్కకూడదు. నీటి అడుగున ఒత్తిడికి ఒంట్లోకి నత్రజని ఎక్కువగా చేరుతుంది. పైకి వచ్చాక అది ఊపిరి ద్వారా నెమ్మదిగా బయటికి పోవాలి, దానికి గంటలు పడుతుంది. ఈలోగా గాలి ఒత్తిడి తక్కువున్న ఎత్తుకు వెళితే ఆ నత్రజని బుడగలు కట్టి కీళ్ల నొప్పులు, తల తిరగడం, ఒక్కోసారి ఇంకా పెద్ద సమస్యలు తెస్తుంది. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఘాట్‌లో గాలికొండ దగ్గర రోడ్డు ఇంకా ఎత్తుకు పోతుంది. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు ఆగాలన్నది విమానం ఎక్కేవాళ్లకు డైవింగ్ వైద్యులు పెట్టిన లెక్క. కొండ రోడ్డుకూ అదే పాటించడం క్షేమం. మీ పథకంలో ఆ విరామం ఒక్క గంట కూడా లేదు.

రెండోది, సోమవారం కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియానికి సెలవు. మూడోది, మీ అమ్మాయికి తొమ్మిదేళ్లు. స్కూబాకు కనీసం పదేళ్లు నిండాలి. డబ్బు తీసుకుని దింపుతామనే వాళ్లు దొరికినా ఒప్పుకోవద్దు.

అందుకని అరకును ఈసారికి వదిలేయండి. ఆర్‌కే బీచ్ నుంచి భీమునిపట్నం (భీమిలి) దాకా సముద్రం పక్కనే సాగే దారి సుమారు 30 కిలోమీటర్లు. బౌద్ధ ఆరామాలు, డచ్చివాళ్ల సమాధులు, మంచుయుగం నాటి ఇసుక, రష్యాలో కట్టిన జలాంతర్గామి అన్నీ ఈ ఒక్క దారిలోనే ఉన్నాయి. మూడు రోజులకు ఇది చాలు. ఏ పూట ఎక్కడ ఉండాలన్నది ఎండను, అలను చూసి నిర్ణయించుకుంటే మీ అత్తగారికి కూడా సులువవుతుంది.

ఇంకో చిన్న లెక్క. విశాఖ హైదరాబాదుకు దాదాపు ఐదు డిగ్రీలు తూర్పున ఉంది. అంటే పొద్దు ఇరవై నిమిషాల ముందే పొడుస్తుంది, ముందే వాలుతుంది. డిసెంబరు చివర్లో ఆరున్నరకు కాస్త ముందు సూర్యోదయం, సాయంత్రం ఐదున్నరకే సూర్యాస్తమయం. నాలుగింటికి టీ తాగి తీరిగ్గా కొండెక్కుదాం అనుకునేవాళ్లు చీకట్లో దిగుతారు. పైగా ఇది తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు గాని సముద్రంలోకి పోడు. ఇక్కడ చూడాల్సింది సూర్యోదయం.

శనివారం రైలు దిగి, విశ్రాంతి తీసుకుని, మధ్యాహ్నం రెండు దాటాక సబ్‌మెరైన్ దగ్గరికి వెళ్లండి. మామూలు రోజుల్లో మ్యూజియం మధ్యాహ్నం నుంచే తెరుస్తారు. బయల్దేరే ముందు ఆ రోజు వేళలు ఒకసారి చూసుకోండి. ఐఎన్‌ఎస్ కుర్సురా 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి 2001 ఫిబ్రవరిలో విరమించింది. మరుసటి ఏడాది ఇసుక మీదికి లాగి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒత్తుకోవాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ఇనుప కంతల్లోంచి దూరాలి: ముందు ఒక కాలు ఎత్తి అవతల పెట్టి, నడుము వంచి, తల దించి, తర్వాత రెండో కాలు లాగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది పనికిరాదు. సగంలో వెనక్కి రావడమూ కష్టం, వెనక జనం ఉంటారు. అత్తగారిని బయట సముద్రం వైపు గట్టు మీద కూర్చోబెట్టి, పెద్దవాళ్లు వంతుల వారీగా వెళ్లండి. మీ అబ్బాయిని టార్పెడో గొట్టాలు లెక్కపెట్టమనండి. ముందు ఆరు, వెనక నాలుగు. లోపల వివరించేది చాలావరకు నేవీలో పనిచేసి విరమించినవాళ్లే. అడిగితే ఓపిగ్గా చెబుతారు. ఎదురుగానే టీయూ-142 విమాన మ్యూజియం ఉంది, అదీ ఒక గంట. తర్వాత బీచ్‌లో ముంత మసాలా తిని గదికి చేరండి. కైలాసగిరి పిల్లలు పట్టుబడితేనే.

ఆర్‌కే బీచ్‌లో మాత్రం స్నానాలు వద్దు. ఇక్కడ ఒడ్డు త్వరగా లోతవుతుంది. మోకాలి లోతులో నిలబడ్డామనుకుంటాం, అల వెనక్కి పోతూ మడమల కింద ఇసుకను తోడేస్తుంది, కాలు అరచెయ్యి లోతు దిగుతుంది, మనిషి వెనక్కి పడతాడు. సరిగ్గా అప్పుడే తర్వాతి అల వస్తుంది. ఈత వచ్చినా రాకపోయినా చాలామంది పట్టు తప్పేది ఇలాగే. ఊరికి దక్షిణాన ఉన్న యారాడ చూడ్డానికి అందంగా ఉన్నా అక్కడా ఇదే హెచ్చరిక.

ఆదివారం పొద్దున రుషికొండ. దీనికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, శుభ్రంగా, క్షేమంగా ఉన్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. స్నానపు గదులు, లైఫ్‌గార్డులు ఉంటారు, స్నానాలకు హద్దులు కట్టిన చోటు ఉంటుంది. అయినా నీళ్లలో దిగే ముందు పది నిమిషాలు ఒడ్డున కాస్త ఎత్తులో నిలబడి సముద్రాన్ని చూడండి. ఇది పిల్లలకు తప్పక నేర్పాల్సిన విద్య. అలలు వరసగా తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒకచోట మాత్రం విరగకుండా నీరు ముదురు రంగులో నున్నగా కనిపిస్తుంది. తెలియనివాళ్లు "ఇక్కడ అలలు లేవు, ఇక్కడే దిగుదాం" అంటారు. రిప్ కరెంట్ అనేది అదే. ఒడ్డుకు తోసుకొచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే కాలవ. నురగ, చెత్త, రేగిన ఇసుక సముద్రం వైపు పోతూ ఉంటే అనుమానమే అక్కర్లేదు.

అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు. ఎంత బలమున్నా ఆ ప్రవాహానికి ఎదురీదలేరు, అలసిపోయి మునుగుతారు. అది మనిషిని అడుగుకు లాగదు, దూరానికి మాత్రమే లాగుతుంది. కాబట్టి వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరుగుతున్న చోటికి చేరి, ఆ అలలతో పాటు ఒడ్డుకు రావాలి. కొట్టుకుపోతున్నవాళ్లను చూసి ఒడ్డు మీదివాళ్లు వెంటనే దూకడమే పెద్ద తప్పు, ఒక ప్రాణం పోవాల్సిన చోట మూడు పోతాయి. లైఫ్‌గార్డును పిలవండి, 112కు ఫోన్ చేయండి, తేలేదేదైనా విసరండి. మూత బిగించిన ఐదు లీటర్ల ఖాళీ నీళ్ల డబ్బా మనిషి తల పైకి ఉండేలా కాసేపు ఆపుతుంది.

అమ్మాయికి మోకాలి లోతు హద్దు. వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోండి. తడి వేళ్లు జారిపోతాయి. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగనివ్వద్దు. గాలి నింపిన ట్యూబుల మీద అస్సలు వదలొద్దు. శీతాకాలం పొద్దుటి పూట గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. అందుకే నీరు అంత నున్నగా ఉంటుంది, అదే గాలి తేలికైన ట్యూబును చూస్తుండగానే లోపలికి నెట్టేస్తుంది.

స్కూబా మీవారు, అబ్బాయి చేయొచ్చు. అబ్బాయికి మీ సంతకం అడుగుతారు. జలుబు, ముక్కుదిబ్బడ, చెవిపోటు ఉంటే ఆ రోజు మానుకోవాలి. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, చెవికి ఆపరేషన్ ఉంటే ముందే డాక్టరును అడగాలి. లోపలికి దిగుతుంటే ఈతకొలనులో రెండు మీటర్ల లోతుకే చెవులు నొక్కుకున్నట్టవుతుంది కదా, ఇక్కడా అంతే. ప్రతి అర మీటరు, మీటరుకూ ముక్కు మూసి మెల్లగా గాలి ఊదాలి. నొప్పి మొదలయ్యాక కాదు, అంతకు ముందే ఊదాలి. నొప్పి వస్తే కాస్త పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. రెండో నియమం, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది, బిగబడితే అవి దెబ్బతింటాయి. ఇంకోమాట, ఇది అండమాన్ కాదు. బంగాళాఖాతంలో ఒండ్రు ఎక్కువ. డబ్బు కట్టే ముందు "ఈ రోజు నీటిలో ఎన్ని మీటర్లు కనిపిస్తోంది?" అని అడగండి. సూటిగా చెప్పేవాళ్ల దగ్గరే చేయండి.

ఆ సమయంలో మీరు, అమ్మాయి గైడుతో కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) ఎక్కొచ్చు. లైఫ్ జాకెట్ అన్ని బకిల్స్ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి ముఖం మీదికి వస్తే అది పెద్ద సైజు, మార్పించండి. నీళ్లలో పడితే పిల్ల కిందికి జారి జాకెట్ మాత్రమే పైన మిగులుతుంది. పదింటికల్లా నీళ్లలోంచి బయటికి వచ్చేయండి, తర్వాత గాలి మారి అలలు రేగుతాయి.

మధ్యాహ్నం భోజనం, కునుకు. రెండున్నరకు బయల్దేరి తొట్లకొండ బౌద్ధ ఆరామానికి. ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఉండండి, మీవారు కోరిన చరిత్ర ఇదే. కారు పైదాకా వెళుతుంది కాబట్టి అత్తగారూ రావచ్చు. లోపల నడక మట్టసంగానే ఉన్నా నీడ తక్కువ, గొడుగు, మడత కుర్చీ పెట్టుకోండి. ఆటోలో వస్తే దాన్ని ఆపి ఉంచుకోండి, పైనుంచి తిరిగి దొరకదు. రోజంతటికీ కారు మాట్లాడుకుంటే 8 గంటలు, 80 కిలోమీటర్ల లెక్క ఈ దారికి సరిపోతుంది.

నౌకాదళం స్థావరం కోసం పైనుంచి సర్వే చేసినప్పుడు ఈ శిథిలాలు బయటపడ్డాయి. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వింది. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ భిక్షువులు ఉండేవాళ్లు. ముందుగా స్తూపం దగ్గరికి పరుగెత్తకండి, తొట్ల దగ్గర ఆగండి. కొండకు పేరు తెచ్చినవి అవే. బండను నిలువునా తొలిచి, కొండ మీద పడ్డ వాననీరు అందులో చేరేలా చేశారు. కొండ మీద ఏరు లేదు, కింద ఉన్నది ఉప్పునీరు. వానాకాలంలో పట్టిన నీటితో ఏడాదంతా గడవాలి. ఇక్కడ ఎంతమంది ఉండగలరన్నది ఈ గుంటలే తేల్చేవి. పిల్లల్ని అంచున కూర్చోబెట్టి లోపలి గోడల మీద ఉలి దెబ్బలు వెతకమనండి. సాయంత్రపు ఏటవాలు వెలుగులో అవి బాగా తెలుస్తాయి. తర్వాత భిక్షువుల గదుల వరసలు చూడండి, ఒక్కో గది ఒక మనిషి పడుకునేంతే. అక్కణ్నుంచి భోజనశాల, చివరికి స్తూపం. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ల వెండి నాణేలూ దొరికాయి. స్తూపం దగ్గర నిలబడి సముద్రం వైపు చూస్తే ఆ నాణేలు ఇంత దూరం ఎలా వచ్చాయో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. మహాస్తూపం 2019 వానలకు కొంత కూలింది, తర్వాత బాగుచేశారు. పునాది ఇటుకల మీద ఎక్కి నడవనివ్వద్దు.

బావికొండ అనే ఇంకో బౌద్ధ ఆరామం దగ్గర్లోనే, కాస్త లోపలికి ఉంటుంది. అక్కడ మహాచైత్యంలో (పెద్ద స్తూపంలో) అస్థి శకలం ఉన్న పాత్ర దొరికింది, బుద్ధుడిదేనని నమ్ముతారు. టైముంటే చూడండి, లేకపోతే తొట్లకొండ మీదే ఐదు దాకా ఉండండి. కింద మంగమారిపేట ఒడ్డున సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. నీరు తీసి ఉన్నప్పుడే దాని దగ్గరికి వెళ్లాలి. ఆటుపోట్లు రోజుకు రెండేసి సార్లు, ఒక రోజుకూ మరుసటి రోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. విశాఖ టైడ్ పట్టిక ఫోన్లో చూసుకుని వెళ్లండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా పైకీ వస్తుంది, బాగా కిందికీ పోతుంది. ఆకుపచ్చగా పాచి పట్టిన రాళ్ల మీద చెప్పులతో అడుగు వేయొద్దు.

సోమవారం తెల్లవారుజామున ఐదుంబావుకే భీమిలికి బయల్దేరండి. ఆర్‌కే బీచ్ దగ్గర ఉదయం నడిచేవాళ్ల కోసం రోడ్డు కొంతమేర మూసేస్తారు, గది అటువైపు ఉంటే డ్రైవరును ముందే అడగండి. భీమిలి ఒడ్డున సూర్యోదయం, టిఫిన్, తర్వాత ఊళ్లోకి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరిది. గుడ్డల వ్యాపారానికి వచ్చిన డచ్ ఈస్టిండియా కంపెనీ ఇక్కడ స్థిరపడి, 1825లో ఇంగ్లిషువాళ్లకు అప్పగించి పోయింది. డచ్చివాళ్ల సమాధుల తోటలో పదిహేడో శతాబ్దం నాటివీ ఉన్నాయి. ఇటుకతో కట్టిన కోసుగా పైకి లేచిన గోరీలు, చెక్కిన రాతిపలకలు. రాతలు చదవాలంటే ఉదయం పక్కనుంచి పడే ఎండే సాయం. సుద్దపొడి రుద్దడం, నీళ్లు పోయడం చేస్తే రాయి పాడవుతుంది. గేటు మూసి ఉంటే చుట్టుపక్కల అడగండి. గంటస్తంభం, 1864 నాటి సెయింట్ పీటర్స్ చర్చి, లైట్‌హౌస్ దగ్గర్లోనే. అత్తగారు కారులోనే కదలొచ్చు. మీ అబ్బాయికి ఇంకా ఓపిక ఉంటే తండ్రితో కలిసి పావురాళ్లకొండ ఎక్కొచ్చు, అక్కడా బండలో తొలిచిన తొట్లున్నాయి. ఎండ ఎక్కకముందే దిగిపోవాలి.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట నీళ్లలో దిగొద్దు. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తీసేటప్పుడు, నది నీరూ సముద్రపు నీరూ కలిసి లోపలికి గుంజుతాయి, అడుగున ఇసుక రోజూ మారుతుంది. ఒడ్డున నిలబడి చూస్తే చాలు. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల్లోంచి పారి వచ్చే గోస్తనే ఇది. అరకు పోలేదని పిల్లలు చిన్నబుచ్చుకుంటే ఈ మాట చెప్పండి.

ఎర్రమట్టి దిబ్బలు భీమిలికి కాస్త ముందు వస్తాయి. తొమ్మిది లోపు వెళ్లగలిగితే రంగు బాగుంటుంది, కాబట్టి కొండ ఎక్కడం మానుకుంటే సమాధుల కంటే ముందే ఇక్కడికి రండి. గత మంచుయుగంలో సముద్రం వెనక్కి పోయినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి తెచ్చి పోసింది. అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబారింది. తర్వాత వానలు కోసి లోతైన సన్న కాలవలు, అంటే గల్లీలు చేశాయి. చూడ్డానికి గట్టిగా ఉంటుంది గాని గోరుతో గీకితే రాలుతుంది. అందుకే అంచుల మీద నిలబడొద్దు, కింద కూర్చోవద్దు, పేర్లు చెక్కనివ్వద్దు. ఒక్కసారి జారిన గోడ మళ్లీ పేరుకోదు. గల్లీలన్నీ ఒకేలా ఉండి దారి తప్పుతాం, పల్లానికి నడిస్తే సముద్రం వైపు వస్తాం. తెల్లబట్టలు వేయొద్దు, మరక పోదు. ఇక్కడ బాత్రూములు ఉంటాయని నమ్ముకోకుండా భీమిలిలోనే చూసుకుని రండి. నేవీ ప్రాంతం ఆనుకుని ఉంది, మీవారి దగ్గర డ్రోన్ ఉంటే ఇంట్లోనే ఉంచి రమ్మనండి.

అత్తగారికి సింహాచలం ముఖ్యమైతే శనివారం రద్దీ వద్దు, సోమవారం పెట్టుకోండి. తిరుగుదారిలో బీచ్ రోడ్డు కాకుండా తగరపువలస, ఆనందపురం మీదుగా వస్తే కలుస్తుంది. కారు కొండపైకి వెళుతుంది. మధ్యాహ్నం దర్శనం ఆపే వేళలు ముందే తెలుసుకోండి. కప్పస్తంభాన్ని కౌగిలించుకునే వరస దగ్గర తోపులాట ఉంటుంది, ఆవిడ వెనక మీరు నిలబడండి. స్వామి నిజరూపం అక్షయ తృతీయ నాడే, మిగతా ఏడాదంతా చందనంలోనే ఉంటారని ఆవిడకు చెప్పే ఉంచండి.

సంచిలో పెట్టుకోవాల్సినవి: ఒక్కొక్కరికి రెండు జతల బట్టలు, వెనక పట్టీ ఉన్న చెప్పులు, మనిషికి లీటరున్నర నీళ్లు, ఓఆర్‌ఎస్, అత్తగారికి చేతికర్ర. దారిలో తేగలు అమ్ముతుంటారు, ఆ కాలమే. ఉడికించినవి వేడిగా ఉన్నప్పుడే కొనండి.